భుజం జారకుండా పట్టి ఉంచేదెవరు?

మన హాస్టల్ వార్షికోత్సవం ఆటల పోటీల్లో ప్రతి సంవత్సరం నిమ్మకాయ - చెంచా పందెం ఉంటుంది. చెంచా కాడను పళ్ళతో పట్టుకుని, గుంటలో నిమ్మకాయ పెట్టుకుని, అది కింద పడకుండా గీత దాటాలి. గెలిచేవాళ్ళను గమనించారా? వాళ్ళు మెడ బిగించుకుని పరుగెత్తరు. నిమ్మకాయ ఎటు దొర్లబోతుంటే అటు తలను కొంచెం వంచి, చెంచానే నిమ్మకాయ కిందికి తీసుకువెళ్తారు.

ఫిజియోథెరపీలో భుజం పాఠం విన్న రోజు నాకు ఆ పందెమే గుర్తొచ్చింది. మన భుజం కీలు దాదాపు అలాంటి ఏర్పాటే. ఇక్కడ నిమ్మకాయ చేతి ఎముక తల. చెంచా రెక్క ఎముక. రెండింటినీ కలిపి పట్టి ఉంచే పని చాలావరకు కండరాలది. ఈ సంగతి నాకు తెలిసేసరికి నా మిత్రుడి భుజం ఒకటి పాడైపోయింది. ఆ కథ తరువాత చెబుతాను. ముందు పాఠం.

లోతు లేని గిన్నె

చిన్న తరగతుల సామాన్యశాస్త్రంలో బంతి గిన్నె కీలు గురించి మనమంతా చదివాం. ఉదాహరణలుగా భుజం, తుంటి అని రాస్తే మార్కులు వచ్చేవి. పరీక్షకు అది సరిపోతుంది గానీ, ఆ రెండు కీళ్ళకూ పోలిక అంతవరకే. తుంటి దగ్గర గిన్నె లోతుగా ఉంటుంది. గిన్నె, దాని అంచు కలిసి తొడ ఎముక తలను సగానికి పైగా కప్పేస్తాయి. అందుకే తుంటి జారాలంటే పెద్ద ప్రమాదమే జరగాలి. భుజం దగ్గర ఉన్నది గిన్నె అనడం కంటే పళ్ళెం అనడం న్యాయం. చేతి పై ఎముకను భుజాస్థి అంటాం. దాని గుండ్రటి తలలో ఏ సమయంలో చూసినా పావు వంతు నుంచి మూడో వంతు మాత్రమే ఆ పళ్ళేనికి ఆని ఉంటుంది. మిగిలినదంతా బయటే.

ఆ పళ్ళెం ఉన్న రెక్క ఎముక కూడా గట్టిగా బిగించినదేమీ కాదు. వీపు మీద పక్కటెముకల పైన కండరాల మధ్య అది తేలుతూ ఉంటుంది. మొత్తం చేతికీ మొండానికీ మధ్య ఎముకల ద్వారా ఉన్న లంకె జత్రుక ఒక్కటే. ఛాతీ పైభాగంలో మెడ కింద అడ్డంగా చేతికి తగిలే ఎముక అది. ఈ వదులుతనం వల్లనే మనం చేయి పైకెత్తి చెట్టు కొమ్మ అందుకోగలుగుతున్నాం, వీపు గోక్కోగలుగుతున్నాం, బంతి విసరగలుగుతున్నాం. శరీరంలో ఇంత స్వేచ్ఛగా తిరిగే పెద్ద కీలు మరొకటి లేదు. అంత తేలికగా జారిపోయే పెద్ద కీలు కూడా మరొకటి లేదు.

తాడు చేసే పని, చేయని పని

జారకుండా ప్రకృతి కొన్ని ఏర్పాట్లు చేసింది. పళ్ళెం అంచు చుట్టూ చీర అంచుకు గోటు కుట్టినట్లు ఒక మెత్తటి, గట్టి కట్ట ఉంటుంది. దాన్ని లేబ్రమ్ అంటారు. అది పళ్ళేనికి కొంత లోతు ఇస్తుంది. కీలు చుట్టూ ఒక సంచి ఉంటుంది. ఆ సంచిలో కొద్దిపాటి ద్రవం ఉండి, లోపలి పీడనం బయటి గాలి పీడనం కంటే తక్కువగా ఉంటుంది కాబట్టి, తడిసిన రెండు గాజు పలకలు అతుక్కున్నట్లు ఎముకలు కొంత అతుక్కుని ఉంటాయి. సంచి గోడల్లో అక్కడక్కడా మందమైన పట్టీలుంటాయి. వాటిని లిగమెంట్లు అంటాం.

చాలామంది, నేను కూడా, భుజాన్ని పట్టి ఉంచేవి ఈ లిగమెంట్లే అనుకుంటాం. ఇక్కడ గుంజకు కట్టిన లేగదూడను తలచుకోండి. తాడు పొడవు అయిపోయే చోట దూడ ఆగుతుంది. అంతకుముందు అది ఎటు గెంతినా తాడు నేల మీద వదులుగా పడి ఉంటుంది. లిగమెంట్లు కూడా అంతే. చేయి ఒక దిక్కున చివరి వరకు వెళ్ళినప్పుడే అవి బిగుస్తాయి. మనం రోజంతా చేసే పనులు, అన్నం తినడం, రాయడం, బట్టలు ఉతకడం, బకెట్ మోయడం, ఇవన్నీ మధ్యలో జరిగేవి. అప్పుడు తాడు వదులుగానే ఉంటుంది. మరి నిమ్మకాయను చెంచాలో ఉంచుతున్నదెవరు?

నలుగురు చిన్నవాళ్ళు

మీ కుడి చేతిని ఎడమ భుజం మీదుగా వెనక్కి పోనిచ్చి రెక్క ఎముకను తడమండి. అడ్డంగా ఒక గట్టు తగులుతుంది. ఆ గట్టుకు పైన ఒక పల్లం, కింద ఒక పెద్ద పల్లం. పై పల్లంలో ఉండేది సుప్రాస్పైనేటస్. కింది పల్లంలో ఇన్‌ఫ్రాస్పైనేటస్, దాని కింద అంచున టెరిస్ మైనర్. నాలుగోది సబ్‌స్కాపులారిస్. అది రెక్క ఎముకకు, పక్కటెముకలకు మధ్య దాగి ఉంటుంది కాబట్టి చేతికి అందదు. నాలుగింటిలోకీ పెద్దది అదే. పేర్లు నోరు తిరగకపోయినా ఫరవాలేదు, మొదటి సంవత్సరంలో మాకూ తిరగలేదు.

ఈ నాలుగు కండరాల స్నాయువులు చేతి ఎముక తలను ముందు నుంచి, పై నుంచి, వెనుక నుంచి చుట్టి పట్టుకుని కీలు సంచిలో కలిసిపోతాయి. పొడుగు చేతుల చొక్కా కఫ్ మణికట్టును చుట్టినట్లు ఉంటాయి కాబట్టి వీటిని రొటేటర్ కఫ్ అంటారు. సుప్రాస్పైనేటస్ చేయి పక్కకు ఎత్తడానికి సాయపడుతుంది. వెనుక ఉన్న రెండూ చేతిని బయటికి తిప్పుతాయి. ముందున్నది లోపలికి తిప్పుతుంది. పరీక్షలో ఇంతవరకే అడుగుతారు. అసలు ముఖ్యమైన పని దీని తరువాత ఉంది.

భుజం మీద గుండ్రంగా కనిపించే పెద్ద కండరం డెల్టాయిడ్. మీరు అద్దంలో చూసుకుని మురిసిపోయేది దాన్నే. చేయి పక్కన వేలాడుతున్నప్పుడు డెల్టాయిడ్ బిగిస్తే అది ఎముకను దాదాపు నిట్టనిలువుగా పైకి లాగుతుంది. అది ఒక్కటే పనిచేస్తే చేయి లేవడానికి ముందు ఎముక తల పళ్ళెంలో పైకి జారి, మీదనున్న ఎముక కప్పుకు కొట్టుకుంటుంది. మధ్యలో ఉన్న స్నాయువు నలుగుతుంది.

ఊళ్ళో పొడవాటి నిచ్చెన లేపడం చూసే ఉంటారు. ఒకరు నిచ్చెన మొదట్లో కాలు అదిమి పెడతారు. మిగిలినవాళ్ళు పై కొసను ఎత్తుకుంటూ వస్తారు. కాలు పెట్టే మనిషి లేకపోతే ఎంత బలవంతులు ఎత్తినా మొదలు జారిపోతుందే తప్ప నిచ్చెన లేవదు. భుజంలో ఎత్తే పని డెల్టాయిడ్‌ది, మొదట్లో కాలు అదిమి పెట్టే పని కఫ్‌ది. ముందున్న కండరం, వెనుక ఉన్న కండరాలు ఒకేసారి లాగి, ఎముక తలను కొద్దిగా కిందికీ, పళ్ళెంలోకీ అదుముతాయి. అప్పుడు డెల్టాయిడ్ లాగుడంతా చేయి లేవడానికి ఉపయోగపడుతుంది. నిమ్మకాయను చెంచాలో వేలితో గట్టిగా నొక్కి, ఇంకొకరిని పక్కకు తోయమనండి. ఎంత గట్టిగా నొక్కితే పక్కకు తోయడం అంత కష్టమవుతుంది. పళ్ళేనికి ఉన్న కొద్దిపాటి లోతు కూడా, నొక్కి పట్టేవాళ్ళుంటేనే పనికొస్తుంది.

ఇంకొక విశేషం. చేతిని తిప్పే కదలికల్లో కండరాల విద్యుత్ సంకేతాలను నమోదు చేసి చూసినప్పుడు, పెద్ద కండరాల కంటే కొంచెం ముందే ఈ చిన్న కండరాలు పని మొదలుపెట్టడం కనిపించింది. అంటే చేయి కదలక ముందే మెదడు కీలును బిగించి ఉంచమని వీటికి కబురు పంపుతుంది. కీలు సంచిలో, కండరాలలో ఉండే నాడుల కొసలు చేయి ఎక్కడుందో ఎప్పటికప్పుడు మెదడుకు తెలియజేస్తూ ఉంటాయి. కళ్ళు మూసుకుని కూడా వేలితో ముక్కు అందుకోగలగడం వీటి వల్లనే. కీలు ఒకసారి జారితే సంచి చిరగడంతో పాటు ఈ కబురు వ్యవస్థ కూడా దెబ్బతింటుంది.

చెంచా కూడా కదలాలి

చేయి పక్క నుంచి తల పైకి పూర్తిగా ఎత్తితే 180 డిగ్రీలు. అందులో సుమారు 120 డిగ్రీలు భుజం కీలులో, 60 డిగ్రీలు రెక్క ఎముక తిరగడం వల్ల వస్తాయి. ఈ 2:1 లెక్కను 1944లో ఇన్‌మన్, సాండర్స్, ఆబట్ అనే ముగ్గురు పరిశోధకులు ప్రకటించారు. తరువాత చేసిన కొలతల్లో ఈ లెక్క మనిషిని బట్టి, ఎత్తును బట్టి మారుతుందని తేలింది గానీ, ఇప్పటికీ పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.

మీ స్నేహితుడిని చొక్కా విప్పి నిలబెట్టి, రెక్క ఎముక కింది మూల మీద బొటనవేలు పెట్టి, చేయి నెమ్మదిగా ఎత్తమనండి. ఆ మూల మీ వేలి కింద నుంచి జరిగి చంక వైపు వెళ్ళిపోతుంది. పళ్ళెం పైకి తిరిగి, ఎముక తల కిందికి వస్తున్నదన్నమాట. నిమ్మకాయ పందెంలో తల వంచడం ఇదే. ఈ పని చేసేవి మెడ నుంచి వీపు మధ్య వరకు పరచుకున్న ట్రపీజియస్, పక్కటెముకల నుంచి బయలుదేరి రెక్క ఎముక లోపలి అంచును పట్టుకునే సెర్రేటస్ యాంటీరియర్. రెండోది బలహీనపడితే, గోడను రెండు చేతులతో తోసినప్పుడు రెక్క ఎముక వీపు మీద కోడి రెక్కలా లేచి కనిపిస్తుంది. అలా కనిపిస్తే దాచుకోకుండా డాక్టరుకు చూపించాలి, ఎందుకంటే ఆ కండరానికి వెళ్ళే నాడి దెబ్బతిని ఉండవచ్చు.

విసరడం గురించి ఒక్క మాట. బేస్‌బాల్ విసిరేవారి మీద చేసిన కొలతల్లో భుజం లోపలికి తిరిగే వేగం సెకనుకు 7000 డిగ్రీల దాకా కనబడింది. బంతి చేయి వదిలిన తరువాత ఆ చేతిని ఆపాలి కదా! ఆపేవి వెనుక ఉన్న ఆ చిన్న కండరాలే. వాలీబాల్ స్మాష్ కొట్టినా, బౌండరీ నుంచి బంతి విసిరినా ఇదే జరుగుతుంది. కొట్టే బలం అందరూ పెంచుకుంటారు, ఆపే బలం గురించి ఆలోచించేవాళ్ళు తక్కువ.

ఆ రోజు కబడ్డీ కోర్టులో

2019లో మేము ఇంటర్ రెండో సంవత్సరం. సాయంత్రం స్టడీ అవర్‌కు ముందు కబడ్డీ. నా మిత్రుడు కూతకు వెళ్ళి చేయి చాచి ఒకరిని తాకాడు. తిరిగి వస్తుండగా వెనుక నుంచి ఒకరు మణికట్టు పట్టుకున్నారు. వాడు ముందుకు దూకాడు, చేయి వెనక్కి, బయటికి మెలితిరిగింది. వాడు కింద కూర్చుని చేయి పట్టుకున్నాడు. భుజం గుండ్రంగా లేదు, మూలలా కనిపించింది. ఎవరో "జారింది, లాగితే పడుతుంది" అన్నారు. ఒకరు నడుము పట్టుకున్నారు, ఇద్దరం చేయి లాగాం. ఆ ఇద్దరిలో ఒకణ్ణి నేను. టక్‌మని చప్పుడైంది. భుజం లోపలికి వెళ్ళింది. మేమంతా చప్పట్లు కొట్టాం. వార్డెన్ సార్‌కు చెప్పలేదు. ఎక్స్‌రే తీయించలేదు. నాలుగు రోజుల తరువాత వాడు మళ్ళీ కోర్టులో ఉన్నాడు.

పొట్టి చేతుల చొక్కా అంచు తగిలే చోట స్పర్శ తెలియడం లేదని వాడు కొన్ని వారాలు అంటూ ఉండేవాడు. మేము నవ్వేశాం. అది యాక్సిలరీ నాడి దెబ్బతిన్న గుర్తు అని, డెల్టాయిడ్‌కు వెళ్ళేది అదే నాడి అని నాకు మూడేళ్ళ తరువాత క్లాసులో తెలిసింది. కీలు జారినప్పుడే నలిగిందో, మేము లాగినప్పుడు సాగిందో ఇప్పుడు చెప్పడం నా వల్ల కాదు. ఆ రోజు బెంచీలో కూర్చుని నోట్సు రాసుకోలేకపోయాను.

భుజం జారితే నూటికి తొంభైకి పైగా ముందుకే జారుతుంది, చేయి పక్కకు లేచి బయటికి తిరిగి ఉన్నప్పుడే ఎక్కువగా జారుతుంది. అప్పుడు ఎముక తల పళ్ళెం ముందు అంచునున్న లేబ్రమ్‌ను ఊడబెరుక్కుని బయటికి వస్తుంది. మళ్ళీ మళ్ళీ జారే భుజాల్లో ఉండే లోపం ఇదేనని 1923లో బ్లండెల్ బ్యాంకార్ట్ అనే ఇంగ్లండు సర్జన్ రాశారు. ఈ గాయానికి ఇప్పటికీ ఆయన పేరే. ఊడిన గోటు చాలాసార్లు తన చోట అతుక్కోదు. 20 ఏళ్ళ లోపు మొదటిసారి జారినవారిలో సగానికి మించి మళ్ళీ జారుతుంది. 40 దాటినవారిలో మళ్ళీ జారడం తక్కువ, కాని కఫ్ చిరిగే ప్రమాదం ఎక్కువ. నా మిత్రుడికి రెండోసారి చొక్కా తల మీదుగా తీస్తుంటే జారింది. మూడోసారి బస్సులో పైకడ్డీ పట్టుకుని ఉండగా బ్రేకు వేస్తే జారింది.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, గ్రౌండులో ఎవరికైనా భుజం జారితే లాగవద్దు. ఎముక కూడా విరిగి ఉండవచ్చు, అది పైకి తెలియదు. చేయి ఏ తీరులో ఉంటే నొప్పి తక్కువో అలాగే ఉంచి, తువ్వాలుతోనో లుంగీతోనో మెడకు కట్టండి. మణికట్టు దగ్గర నాడి కొట్టుకుంటున్నదో లేదో, వేళ్ళు కదులుతున్నాయో లేదో, భుజం బయటి వైపు స్పర్శ ఉందో లేదో చూసి గుర్తుపెట్టుకోండి. డాక్టరు అడుగుతారు. వార్డెన్‌కు చెప్పి ఎముకల డాక్టరున్న ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. తిడతారని దాచవద్దు. మేము దాచింది అందుకే.

సైకిల్ ట్యూబు వైద్యం

మన హాస్టళ్ళలో వ్యాయామం అంటే దండీలు, బార్ మీద డిప్స్. అవి ఛాతీని, భుజం ముందు భాగాన్ని పెంచుతాయి. నిచ్చెన ఎత్తేవాళ్ళను పెంచి, కాలు పెట్టేవాణ్ణి వదిలేసినట్లు. చిన్న కండరాలకు పెద్ద బరువులు అక్కరలేదు. పాత సైకిల్ ట్యూబు చాలు, ఏ రిపేరు షాపులో అడిగినా ఇస్తారు.

ట్యూబును పొడవుగా కోసి కిటికీ ఊచకు నడుము ఎత్తులో కట్టండి. కిటికీ మీ ఎడమ పక్కన ఉండేలా నిలబడి, కుడి చేత్తో కొస పట్టుకోండి. మోచేయి 90 డిగ్రీలు వంచి, పక్కటెముకలకు, మోచేతికి మధ్య మడత పెట్టిన తువ్వాలు ఉంచండి. ఆ తువ్వాలు పడిపోకుండా ముంజేతిని నెమ్మదిగా బయటికి తిప్పండి, అంతకంటే నెమ్మదిగా వెనక్కి తీసుకురండి. తువ్వాలు పడిపోతే మీరు పెద్ద కండరంతో మోసం చేస్తున్నారని అర్థం. 10 నుంచి 15 సార్లు చొప్పున 2 లేదా 3 విడతలు, వారానికి 3 రోజులు. తరువాత కిటికీకి ఎదురుగా నిలబడి, రెండు కొసలూ పట్టుకుని, మోచేతులు వెనక్కి లాగుతూ రెక్క ఎముకలను ఒకదానికొకటి దగ్గర చేయండి. దండీ తీసినప్పుడు చేతులు పూర్తిగా చాచాక ఇంకొక అంగుళం నేలను తోయండి. సెర్రేటస్‌కు పని పడేది ఆ చివరి అంగుళంలోనే. కళ్ళు మూసుకుని అరచేత్తో బంతిని గోడకు నొక్కి చిన్న చిన్న సున్నాలు చుట్టడం ఆ కబురు వ్యవస్థకు మంచిది. ఫలితం తెలియడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. చేస్తుంటే భుజం జారబోతున్నట్లు అనిపించినా, రాత్రి నొప్పి పెరిగినా ఆపి చూపించుకోవాలి.

ఒకటి మాత్రం దాచకుండా చెప్పాలి. వ్యాయామం ఊడిన లేబ్రమ్‌ను కుట్టదు. పలుమార్లు జారే భుజానికి, ముఖ్యంగా చిన్న వయసులో ఆటలాడేవారికి, ఆపరేషన్ అవసరం కావచ్చు. ఆపరేషన్ తరువాత కూడా ఈ కండరాలకు మళ్ళీ పని నేర్పాల్సిందే. ఏది అవసరమో ఎముకల డాక్టరు చూసి చెబుతారు.

నా మిత్రుడు తెలంగాణ పోలీసు కానిస్టేబుల్ 2022 నోటిఫికేషన్‌కు దరఖాస్తు చేశాడు. అందులో పరుగు, లాంగ్‌జంప్‌తో పాటు షాట్‌పుట్ ఉంది. 7.26 కిలోల గుండును 6 మీటర్లు విసరాలి. పరుగు తేలిగ్గా దాటాడు. గుండు తీసుకుని మెడ దగ్గర పెట్టుకున్నాక, చివరి క్షణంలో చేయి పూర్తిగా చాచడానికి ధైర్యం రాలేదని చెప్పాడు. భుజం జారలేదు. జారుతుందేమోనని ఆగిపోయింది. గుండు 6 మీటర్ల గీతకు ఇవతలే పడింది. మా పుస్తకాల్లో ఆ భయానికి కూడా ఒక పేరుంది, పరీక్షించే పద్ధతీ ఉంది. జారిన భుజాన్ని ఆ పాత భంగిమలోకి తీసుకువెళ్ళగానే మనిషి ముఖం మారిపోతుంది, కండరాలు బిగుసుకుంటాయి.

పోయిన సెలవుల్లో వాళ్ళ ఊరు వెళ్ళాను. వాడు ఆసుపత్రిలో చూపించుకున్నాడు, ముందు మూడు నెలలు వ్యాయామం చేసి రమ్మన్నారట. కిటికీ ఊచకు సైకిల్ ట్యూబు వేలాడుతోంది. చేసి చూపించమంటే చేశాడు. మోచేతి దగ్గర తువ్వాలు పెట్టుకోవడం లేదు. అది పెట్టించి, ఇంకో పదిసార్లు చేయించి వచ్చాను.